ఆకూ మనదే, దవాఖానా మనదే

పోయిన వానాకాలం మా మండల కేంద్రంలో ఒక ఫంక్షన్ హాల్లో మన ప్రాచీన వైద్యం మీద సభ పెట్టారు. స్టేజీ ముందు కుండీల్లో మొక్కలు వరసగా పేర్చారు. నేలవేము, తిప్పతీగ, నల్లేరు, వావిలి, ఉత్తరేణి, నేల ఉసిరి, పల్లేరు, గుంటగలగర. ఒక్కో కుండీకి ఒక అట్టముక్క, దాని మీద సంస్కృతం పేరు. పట్నం నుంచి వచ్చిన పెద్దమనిషి గంటసేపు మాట్లాడాడు. ఈ విద్యంతా రుషులు తపస్సు చేసి కనిపెట్టారన్నాడు. ఇంగ్లీషు మందులు వచ్చి దాన్ని నాశనం చేశాయన్నాడు. పల్లెజనం చీటికిమాటికి దవాఖానలకు ఉరకడం మానుకోవాలన్నాడు. హాలంతా చప్పట్లు.

ఆ మొక్కల్ని ఒర్రెల వెంట, గుట్టల వెంట తిరిగి వేళ్ళతో సహా తవ్వి తెచ్చింది మా వాడ ఆడవాళ్ళు. ముగ్గురు, రెండు రోజులు. రోజుకు నాలుగు వందల కూలి. అందులో ఒకామె మా చిన్నమ్మ. మా అవ్వ చేతి కింద మంత్రసాని పని నేర్చుకున్న మనిషి. సభలో వెనక గోడకు ఆనుకుని నిలబడి చూస్తూ ఉంది. ఒక కుండీకి తప్పు పేరు కట్టారని ఆమె కంటబడింది. పోయి కార్యకర్త పిల్లగానికి చెప్పింది. "ఇది నేలవేము కాదు బిడ్డా, నేలవేమైతే ఆకు నాలుక్కి తగిలితె చాలు, చేదు పొద్దుందాక పోదు, నోట్లో ఏసుకొని చూడు" అంది. ఆ పిల్లగాడు "నీకేం తెలుసమ్మా, పోయి కూసో" అన్నాడు. తప్పు పేరుతోనే సభ ముగిసింది. ఫోటోలు దిగారు.

అన్నలారా, అక్కలారా! ఆ సభలో రెండు పనులు జరిగాయి. ఒకటి, మన చేతుల్లోంచి ఆకును గుంజుకుని రుషుల చేతిలో పెట్టారు. రెండోది, ఆకును మనకే చూపించి దవాఖాన వైపు పోవద్దన్నారు. ఈ రెండింటికీ కలిపి జవాబు చెప్పాలి. మనవాళ్ళలో కొందరు ఆకులు, పసర్లు అంతా మూఢనమ్మకమని కొట్టిపారేస్తున్నారు. ఇంకొందరు తాతల వైద్యమే గొప్పదని పొగుడుతూ వాడలో సూది మందు లేని సంగతి మర్చిపోతున్నారు. ఇద్దరూ సగం మాటే మాట్లాడుతున్నారు.

లందలో కరక్కాయ, సీసాలో కరక్కాయ

మాది మాదిగవాడ. మా తాతకు లంద ఉండేది. పచ్చితోలును సున్నం నీళ్ళల్లో నానేసి వెంట్రుక రాలగొట్టేవాడు. తర్వాత తంగేడు చెక్క, కరక్కాయ దంచి కలిపిన నీళ్ళల్లో రోజుల తరబడి ఊరేసేవాడు. వగరు తోలులోకి దిగితే తోలు కుళ్ళదు. ఆ తోలుతోనే మోటబొక్కెన కుట్టేవాడు, ఆ తోలుతోనే చెప్పులు. ఊరి చెల్కలు తడిసింది ఆ బొక్కెన నీళ్ళతోనే. ఎంత చెక్కకు ఎన్ని నీళ్ళు, ఎండాకాలం ఎన్ని రోజులు, చలికాలం ఎన్ని రోజులు అన్నది తాత ఆ నీళ్ళు నాలుక మీద వేసుకుని చెప్పేవాడు. దీన్ని ప్రయోగం అనక ఇంకేమంటారు?

ఆ వగరే మందు కూడా. తంగేడు చెక్క కషాయం పుక్కిలిస్తే చిగుళ్ళ నెత్తురు ఆగుతుందని, కరక్కాయ ముక్క బుగ్గన పెడితే దగ్గు సర్దుకుంటుందని మా వాడకు ఎవరూ శ్లోకం చదివి చెప్పలేదు. తోలును బిగించే పదార్థమే పుండు దగ్గర చర్మాన్నీ బిగిస్తుంది. సైన్సు దాన్ని టానిన్ అంటుంది. తోలు పదును పెట్టే పనికి ఇంగ్లీషులో ఉన్న పేరు నుంచే ఆ మాట పుట్టింది. అంటే ఆ మాటలోనే మా తాత లంద ఉంది.

మరి కరక్కాయ లందలో పడితే మైల ఎట్లా అయింది? అదే కరక్కాయ తానికాయతో, ఉసిరికాయతో కలిసి త్రిఫల చూర్ణమై సీసాలోకి ఎక్కితే పవిత్రం ఎట్లా అయింది? తంగేడు పువ్వు బతుకమ్మలో పేరిస్తే పండుగ. 2014లో దాన్నే తెలంగాణ రాష్ట్ర పుష్పం చేసుకున్నాం, సంతోషమే. కానీ ఆ చెట్టు చెక్క చేతులకు అంటుకున్న మనిషిని ఊరి బావి గట్టు ఎక్కనీయలేదు. కాయలో తేడా లేదు, చెట్టులో తేడా లేదు. తేడా అంతా కులంలోనే ఉంది.

రుషులు కనిపెట్టారనే పెద్దమనిషి చరక సంహిత తెరిచి మొదటి అధ్యాయం చదివితే బాగుండు. అడవిలో మేకలు కాసేవాళ్ళకు, గొర్లు కాసేవాళ్ళకు, ఆవులు కాసేవాళ్ళకు, అడవి జనానికి మొక్కల పేర్లూ రూపాలూ తెలుసని అందులోనే రాసి ఉంది. పేరు తెలిస్తే చాలదు, ఎప్పుడు ఎవరికి ఎట్లా వాడాలో తెలిసినవాడే వైద్యుడని కూడా రాసి ఉంది, ఆ మాట నిజమే. కానీ మొదట ఎవరిని అడిగి రాసుకున్నారో ఆ పుస్తకమే ఒప్పుకుంది. ఇక మనుస్మృతి సంగతి. వైద్యుణ్ని శ్రాద్ధానికి పిలవొద్దని మూడో అధ్యాయం, వైద్యుడు పెట్టిన తిండి చీముతో సమానమని నాలుగో అధ్యాయం చెబుతాయి. రోగిని ముట్టుకునే చేయిని అసహ్యించుకున్నవాళ్ళే ఇప్పుడు వైద్యానికి వారసులమంటున్నారు.

ఇంకొక మొక్క సంగతి చెప్పాలి. కొడవలి తెగితే మన కూలోళ్ళు గట్టు మీద గడ్డిచామంతి ఆకు తెంపి, నలిపి, పసరు పిండుతారు. నెత్తురు ఆగుతుంది. ఈ గడ్డిచామంతి అమెరికా ఖండం మొక్క. 1492లో కొలంబస్ అక్కడ కాలు పెట్టిన తర్వాతే అది సముద్రం దాటి ఇటు రాగలిగింది. చరకుడి కాలంలో ఈ నేల మీద ఆ మొక్కే లేదు. మరి దాని గుణం ఏ రుషి చెప్పాడు? పరదేశం నుంచి వచ్చిన కలుపు మొక్కను పట్టుకుని, నలిపి, వాసన చూసి, గాయం మీద పెట్టి చూసింది కలుపు తీసే ఆడది. మన ఆకు జ్ఞానం ఏనాడో ఆగిపోయిన పాత గ్రంథం కాదు. కూలి చేసే చేతుల్లో అది నిన్నా మొన్నా కూడా పెరిగింది.

పెరటి దారిన వచ్చిన చేయి

మా అవ్వ మంత్రసాని. వాడలో, ఊళ్ళో కలిపి ఎన్ని కాన్పులు చేసిందో లెక్కలేదు. దొరల ఇంట్లో నొప్పులు మొదలైతే అర్ధరాత్రయినా కబురొచ్చేది, పెరటి దారి నుంచి లోపలికి పిలిచేవాళ్ళు. బిడ్డ బయటపడి, బొడ్డు కోసి, మాయ పాతిపెట్టే దాకా ఆమె చేయి కావాలి. పురుడు స్నానం అయిపోయిన తెల్లారి నుంచి అదే ఇంట్లో ఆమెకు పైనుంచి నీళ్ళు పోసేవాళ్ళు, దోసిలి పట్టి తాగాలి. ఆమె చేతుల్లో పుట్టిన పిల్లలు పెద్దయి ఆమెను పేరు పెట్టి 'ఒసేయ్' అని పిలిచారు.

బాలింతకు వావిలాకు కాచిన నీళ్ళ స్నానం, సొంఠి, వాము, బెల్లం, మునగాకు కూర. ఒళ్ళు నొప్పులు తగ్గేవి, ఒంట్లో బలం వచ్చేది. ఇవన్నీ మంచివే. కానీ మనలో మనం నిజం చెప్పుకోవాలి. బొడ్డు కొడవలితో కోసిన రోజులున్నాయి. పుట్టిన వారానికి కొందరు పిల్లలు పాలు తాగలేక, కొయ్యబారి చచ్చిపోయేవాళ్ళు. గాలి సోకింది అనుకునేవాళ్ళు. అది ధనుర్వాతం. అవ్వ దాయి శిక్షణకు పోయి వచ్చాక కొత్త బ్లేడు, మరగబెట్టిన దారం పట్టింది. కడుపుతో ఉన్నోళ్ళకు టీకా వేయించుకొమ్మని ఇల్లిల్లూ తిరిగింది. తల్లులకూ పసిబిడ్డలకూ వచ్చే ధనుర్వాతాన్ని మన దేశం అదుపు చేసిందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకుంది. ఆ గెలుపులో టీకా వేసిన నర్సు ఎంతుందో, ఇల్లిల్లూ తిరిగిన మంత్రసానీ అంతే ఉంది. ఏ బోర్డు మీదా ఆమె పేరు మాత్రం లేదు.

నాయిన పోయిన రాత్రి

1990 వానాకాలం. నాకు తొమ్మిదేళ్ళు. రాత్రి కరెంటుకు దొర పొలానికి నీళ్ళు పెట్టబోయిన మా నాయినను నాగుపాము కరిచింది. నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. అమ్మమ్మ ఊరి తాత ఆ వేళ మా ఇంట్లోనే ఉన్నాడు. చుట్టుపక్కల వాడలకు ఆయనే ఆకు వైద్యుడు. నల్ల ఈశ్వరి వేరు తీశాడు. అవ్వ నూరింది. నేను దీపం పట్టుకున్నాను. నాయిన కనురెప్పలు వాలిపోతున్నాయి. మాట ముద్దవుతోంది. మింగలేకపోతున్నాడు. పసరు పెదాల పక్క నుంచి కారిపోయింది.

మా పెద్దనాయిన దొర ఇంటికి ఉరికాడు. జీపు ఉంది, టైర్లో గాలి లేదన్నారు. ఎడ్లబండి కట్టి పద్దెనిమిది కిలోమీటర్లు పోయేసరికి తెల్లవారింది. అక్కడి దవాఖానలో కాంపౌండరు ఒక్కడే ఉన్నాడు. విరుగుడు సూది లేదు, జిల్లాకు పొమ్మన్నాడు. జిల్లా దాకా పోలేదు. దారిలోనే బండి వెనక్కి తిప్పారు.

చాలా ఏళ్ళ తర్వాత, నేను బీఎడ్ చదువుతున్నప్పుడు, ఆ వేరు గురించి అవ్వను గట్టిగానే అడిగాను. ఆమె కోపం చేయలేదు. "ఆకు మోసం చెయ్యలే బిడ్డా. ఆకుకు చాతగాని పని ఆకు మీద పెట్టినం. పెట్టకపోతె ఆ రాత్రి మన చేతుల ఇంకేమున్నది?" అంది. ఆ తర్వాత బతికినన్నాళ్ళు పాముకాటుకు ఆమె ఆకు నూరలేదు. ఎవరొచ్చినా ముందు బండి కట్టమనేది.

నాయిన కాళ్ళ మీద నడిచొచ్చాడు. గంటలో సూది పడితే బతికే మనిషి. ఆయన్ని చంపింది ఆకు కాదు. జీపు ఇయ్యని కులం, సూది లేని దవాఖాన. కానీ ఆకు కాపాడుతుందని ఇప్పటికీ ఎవరైనా అంటే నేను ఊరుకోను. మరి పసరుతో బతికినవాళ్ళు ఉన్నారు కదా అంటారు. ఉన్నారు. చాలా పాములకు విషమే ఉండదు. విషప్పాము కూడా ఒక్కోసారి విషం వదలకుండా కాటేస్తుంది. వాళ్ళు పసరు తాగినా బతుకుతారు, తాగకున్నా బతుకుతారు. పేరు పసరుకు పోతుంది. విషం ఎక్కినవాడు పసరుతో ఆలస్యమై పోతాడు. వాడి సంగతి చెప్పేవాడు ఉండడు.

ఆ నల్ల ఈశ్వరి, పొలాల్లో ఉండే గాడిదగడపాకు ఒకే జాతి. ఆ జాతి మొక్కల్లో కిడ్నీలను తినేసే విషం ఉంది. బెల్జియంలో 1990ల మొదట్లో బరువు తగ్గే మందులో అదే జాతి వేరు పడి ఎందరో ఆడవాళ్ళ కిడ్నీలు పాడయ్యాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ విభాగం దాన్ని మనుషులకు కేన్సర్ తెచ్చే పదార్థాల మొదటి వరసలో పెట్టింది. తాతకు ఈ సంగతి తెలిసే దారి లేదు. మనకు తెలిసింది. తెలిసినాక చెప్పకపోతే తప్పు మనదే.

2000 నుంచి 2019 వరకు ఇరవై ఏళ్ళలో మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చచ్చిపోయారని 2020లో వచ్చిన పరిశోధన లెక్కగట్టింది. ఏడాదికి 58 వేల మంది. ఎక్కువ మంది పల్లెటూళ్ళ వాళ్ళు, వానాకాలం పొలం పనిలో ఉన్నవాళ్ళు. చావులు ఎక్కువున్న రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. చెప్పుల్లేని కాళ్ళు, నేల మీద పడక, రాత్రి కరెంటు. పాముకు కులం లేదు గానీ పాముకాటు చావుకు కులం ఉంది.

విరుగుడులోనూ మన చేయే

సూది మందు పరాయిది, ఆకు మనది అని కూడా అనుకోవద్దు. పాము విషాన్ని కొద్దికొద్దిగా గుర్రానికి ఎక్కించి, దాని నెత్తుటి నుంచి విరుగుడు తీస్తారు. ఆ విషం ఎవరు తెస్తున్నారు? తమిళనాడులో ఇరుళ గిరిజనులు. పాము తోళ్ళ వ్యాపారం బందయి కూడు పోయినప్పుడు, వాళ్ళు 1978లో మద్రాసు దగ్గర సహకార సంఘం పెట్టుకున్నారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటినీ పట్టి, విషం పిండి, మళ్ళీ అడవిలో వదులుతారు. దేశంలో విరుగుడు తయారీకి ఎక్కువ విషం ఆ చేతుల నుంచే పోయింది. 2023లో వడివేల్ గోపాల్, మాసి సడయన్ అనే ఇద్దరు ఇరుళలకు పద్మశ్రీ వచ్చింది. పాము జాడ పట్టే ఆ విద్య మన యానాదుల విద్య లాంటిదే. మంత్రంగా ఉన్నంతకాలం ఎవర్నీ బతికించలేదు, సంఘమై, సూదై లక్షల మందిని బతికించింది.

ఆకు సంగతీ అంతే. మలేరియాకు ఇప్పుడు మన ఏజెన్సీ దవాఖానల్లో ఇచ్చే మాత్రల్లో ఒక మందు మన మాచిపత్రికి దాయాది అయిన చైనా మొక్క నుంచి వచ్చింది. తూ యూయూ అనే ఆమె పాత వైద్య గ్రంథాలు వెతికి, మొక్కను పరీక్షకు పెట్టి, దాన్ని బయటికి తీసింది. 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆమె ఆ ఆకుకు పూజ చేయలేదు, పరీక్ష పెట్టింది.

వాటా దగ్గరికొస్తే పుస్తకం

ఇక డబ్బు సంగతి. 1995లో అమెరికాలో పసుపు గాయాన్ని మాన్పుతుందని పేటెంటు ఇచ్చారు. మన ప్రభుత్వ పరిశోధనా మండలి కొట్లాడి 1997లో రద్దు చేయించింది. మంచి పనే. కానీ ఆ కొట్లాటలో నెగ్గింది అచ్చయిన కాగితాలు. పసుపు పెట్టి పుండు మాన్పిన అవ్వల నోటి మాట ఇక్కడ ఎంతమంది చెప్పినా అప్పటి అమెరికా చట్టానికి చెల్లదు. నోటిలో ఉన్న విద్యకు విలువ లేదు, పుస్తకంలో ఎక్కిన విద్యకే విలువ. మనల్ని పుస్తకానికి దూరం పెట్టింది ఎవరు?

కేరళ కాణి గిరిజనుల కథ వినండి. 1987లో అగస్త్య కొండల్లో శాస్త్రవేత్తలకు దారి చూపుతున్న కాణివాళ్ళు ఏదో కాయ తింటూ అలసిపోకుండా నడుస్తుంటే వీళ్ళు అడిగారు. మొదట చెప్పలేదు, తర్వాత చెప్పారు. దాన్నుంచి తయారైన మందును 1995లో ఒక కంపెనీకి 10 లక్షలకు ఇచ్చి, అందులో సగం, రాయల్టీలో సగం కాణివాళ్ళకని నిర్ణయించారు. 1997లో వాళ్ళ పేరున ట్రస్టు పెట్టారు. చెప్పిన వాళ్ళకు పేరుంది: మల్లన్ కాణి, కుట్టిమత్తన్ కాణి. లోపాలెన్ని ఉన్నా, చెప్పినవాడికి వాటా అనే మాట ఈ దేశంలో అట్లా నిలబడింది.

2002 జీవవైవిధ్య చట్టం ఆ మాటనే చట్టం చేసింది. దేశీ కంపెనీలు కూడా వాటా ఇవ్వాల్సిందేనని 2018 డిసెంబరులో ఉత్తరాఖండ్ హైకోర్టు దివ్య ఫార్మసీ కేసులో తీర్పు చెప్పింది. తర్వాత ఏమైంది? 2023లో చట్టం సవరించారు. గ్రంథాల్లో ఎక్కిన సంప్రదాయ జ్ఞానానికి, రిజిస్టరైన ఆయుష్ వైద్యులకు మినహాయింపులు ఇచ్చారు. అంటే మేకల కాపరిని అడిగి పుస్తకంలో రాసుకున్నారు. ఇప్పుడు పుస్తకంలో ఉంది కాబట్టి మేకల కాపరికి వాటా అక్కర్లేదంటున్నారు.

అదే చట్టం ప్రకారం ప్రతి గ్రామ పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ ఉండాలి. ఊరి చెట్టూ చేమల, వాటి వాడకం రిజిస్టరు రాయాలి. కమిటీలో మూడో వంతు ఆడవాళ్ళు, 18 శాతం ఎస్సీ ఎస్టీలు తక్కువ కాకుండా ఉండాలని 2004 నిబంధనల్లో రాశారు. మా ఊరి రిజిస్టరు చూపించమని నేను పంచాయతీ ఆఫీసులో అడిగాను. టైపు కొట్టిన పుస్తకం తీశారు. మా ఊళ్ళో లేని చెట్లు అందులో ఉన్నాయి. మా చిన్నమ్మ పేరు లేదు. ఆమెను ఎవరూ అడగనే లేదు.

మనం చేయాల్సిన పని

ఒకటి. ఏ రోగానికి ఆకు దగ్గర ఆగొద్దో వాడవాడలో చెప్పాలి. పాము కరిస్తే కోయొద్దు, నోటితో పీల్చొద్దు, గట్టిగా తాడు కట్టొద్దు. కరిచిన కాలో చేయో కదలకుండా పెట్టి 108కి ఫోన్ చేసి దవాఖానకు తీసుకుపోవాలి. కుక్క కరిస్తే సబ్బుతో పారే నీళ్ళ కింద పావుగంట కడిగి టీకాకు పోవాలి. ఉమ్మెత్త, జిల్లేడు పసర్లు తాగించొద్దు. కాన్పులో నెత్తురు ఆగకపోయినా, పసిబిడ్డకు ఫిట్స్ వచ్చినా ఆకు కోసం చూడొద్దు. కరోనా కాలంలో నెలల తరబడి తిప్పతీగ తాగినవాళ్ళలో కొందరికి కాలేయం దెబ్బతిన్నదని ముంబై డాక్టర్లు 2021లో రాశారు. ఆయుష్ శాఖ కాదన్నది. మనం మాత్రం ఆకైనా మందే, మోతాదు దాటితే విషమేనని గుర్తు పెట్టుకోవాలి. జలుబుకు, చిన్న గాయానికి, బాలింత స్నానానికి మన ఆకు మనకుంది. ఎవరూ మనల్ని వెక్కిరించాల్సిన పని లేదు.

రెండు. పాముకాటు చావుల్ని 2030 నాటికి సగానికి తగ్గిస్తామని కేంద్ర ప్రభుత్వం 2024లో ప్రణాళిక ప్రకటించింది. అయితే మన మండల దవాఖానలో విరుగుడు సూది ఎన్ని ఉన్నాయి, రాత్రి డాక్టరు ఉంటాడా? వానాకాలం రాకముందే సంఘం తరఫున పోయి అడగాలి. జవాబు కాగితం మీద తీసుకోవాలి.

మూడు. పంచాయతీ జీవవైవిధ్య కమిటీలో మన మంత్రసానిని, మన మేకల కాపరిని కూర్చోబెట్టాలి. రిజిస్టరులో ఆకు పేరు పక్కన చెప్పిన మనిషి పేరు, వాడ పేరు రాయించాలి. కొనడానికి వచ్చిన ఏజెంటుకు మాత్రం ఆ పుస్తకం చేతికియ్యొద్దు.

నాలుగు. టీచర్లకు ఒక మాట. నేను పోయినేడు ఏడో తరగతి పిల్లలకు ఇంట్లో ముసలోళ్ళను అడిగి ఒక్కో ఆకు తెమ్మన్నాను. అందరూ తెచ్చారు. మా వాడ పిల్ల ఒకతి తెచ్చిన ఆకును పుస్తకాల కింద దాచుకుంది. ఎందుకమ్మా అంటే, "మా అమ్మమ్మ మంత్రసాని అని నవ్వుతరు సార్" అంది. ఆ ఆకు నేను బల్ల మీద పెట్టించి, వాళ్ళ అమ్మమ్మను బడికి పిలిపించాను. ఆమె కుర్చీలో కూర్చుని చెబుతుంటే పిల్లలు రాసుకున్నారు. ఆ పిల్ల డాక్టరు కావాలని నా కోరిక. ఆమె చదివిన పుస్తకంలో వాళ్ళ అమ్మమ్మ పేరు కూడా ఉండాలి.

ఆ సభలో మా చిన్నమ్మను "పోయి కూసో" అన్నారు. ఆమె ఇంకా నిలబడే ఉంది. వచ్చే పంచాయతీ మీటింగుకు మేమంతా ఆమెతో కలిసి పోతున్నాం. మీ ఊళ్ళో మీరూ పొండి.